అక్షరానికి అచ్చు ఎవరు పోస్తారు?

ఒక అక్షరం ఎట్లా ఉండాలో నిర్ణయించే హక్కు ఎవరిది? తెలుగు చదివేవాళ్లం ఈ ప్రశ్న సాధారణంగా వేసుకోం. మనం బడికి పోయేసరికే 'అ' అక్కడ ఉంది. పంతులు పలక మీద రాసిచ్చాడు, మనం దాని మీదే దిద్దాం. ఆ 'అ'ను ఎవరో ఒకప్పుడు సీసంలో పోశారనీ, ఆ తర్వాత ఇంకెవరో కంప్యూటర్ తెర మీద గీశారనీ మనకు తట్టదు. అక్షరం చెట్టులాగా, గుట్టలాగా దానంతట అదే ఉన్నట్టు అనిపిస్తుంది. అయితే ఈ ప్రశ్నను తప్పించుకోలేని ఊరు ఒకటి మన పక్కనే ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల.

గుంజాలలో గోండి భాషలో, గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు కొన్ని దొరికాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. అవి 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. ఆ లిపిని చదవగలిగిన పెద్దలు అప్పటికి ఊళ్లో కొందరే మిగిలారు. వాళ్ల దగ్గర కూర్చొని ఒక్కొక్క అక్షరాన్నీ గుర్తుపట్టారు. 2014 నాటికి కంప్యూటర్ కోసం తొలి ఫాంటు తయారైంది. అన్షుమన్ పాండే రాసిన ప్రతిపాదన మీద, 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11.0లో ఈ లిపికి చోటు దొరికింది. ఇప్పుడు గూగుల్ వారి నోటో ఫాంట్లలో దీనికీ ఒక ఫాంటు ఉంది. ఇంత తక్కువ కాలంలో కొందరు పెద్దల జ్ఞాపకం నుంచి ప్రపంచంలోని ఏ తెరమీదికైనా రాగల స్థితికి ఒక లిపి చేరింది. ఇది గొప్ప పనే. నా ప్రశ్న ఈ గొప్ప పని లోపల ఉన్నది.

నేను కరీంనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ చేసినవాణ్ణి. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, కవిత్వ పుస్తకాలు, అన్నీ ఈ చేతుల మీదుగా పోయినవే. అప్పటి తెలుగు ఫాంట్లలో ఒక చిత్రం ఉండేది. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో మన తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా దాచిపెట్టేవాళ్లు. తెర మీద 'అమ్మ' కనబడేది. కంప్యూటర్‌కు మాత్రం అది అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల వరుస. ఆ ఫాంటు ఉన్నంతకాలం పుస్తకం పుస్తకమే, ఫాంటు పోయిన రోజు అది చెత్త. కరీంనగర్ కవులు కొందరు తమ పుస్తకాల సీడీలు ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. తెరిస్తే డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు, గీతలు. రాసిన మనిషి పోయాడు, టైపు చేసిన మనిషి ఎక్కడో ఉన్నాడు, వాక్యం మాత్రం ఎవరికీ అందదు.

ఆ సీడీల్లో ఉన్నది రూపం ఒక్కటే, అక్షరానికి గుర్తింపు లేదు. యూనికోడ్ దీన్ని తలకిందులు చేసింది. అది ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇస్తుంది. ఇది 'క', ఇది 'కి'లోని గుడి అని చెబుతుంది. ఆ 'క' లావుగా ఉండాలా, సన్నగా ఉండాలా, తలకట్టు ఎటు వంగాలి అన్నది చెప్పదు. రూపం ఇచ్చేది ఫాంటు. పేరు ఒకరు పెడతారు, ముఖం ఇంకొకరు గీస్తారు.

పేరు పెట్టడంలోనూ న్యాయాన్యాయాలు ఉంటాయి. కొన్ని తెలుగు మాటల్లో 'చ', 'జ'లను దంతాలకు ఆనించి పలుకుతాం కదా. వాటికోసం ఉన్న ౘ, ౙ గుర్తులకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లో. తెలుగు లిపి అందులోకి వెళ్లింది 1991లో. మధ్యలో పదిహేడేళ్లపాటు ఆ గుర్తులు కంప్యూటర్ లెక్కలో లేవు. కోట్లమంది మాట్లాడే భాషకే ఇట్లా జరిగితే చిన్న భాషల సంగతి చెప్పేదేముంది.

గుంజాల లిపి విషయంలో పేరు పెట్టినవాళ్లు ఒక మంచి పని చేశారు. మన హల్లులు 'క'తో మొదలవుతాయి, హిందీవీ అంతే. గుంజాల వరుస 'య'తో మొదలవుతుంది. య, వ, బ, భ, మ, ఆ తర్వాతే క. దేశంలో మిగతా లిపుల వరుసలోకి దీన్ని సర్దేయడం తేలిక, అడిగేవాళ్లు కూడా తక్కువే. అయినా యూనికోడ్ పట్టికలో ఆ లిపి వరుసనే ఉంచారు. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఈ లిపి హల్లులను 'య' నుంచే లెక్కపెడతాయి. చిన్న విషయంలా కనబడుతుంది గానీ, గౌరవం అంటే ఇట్లాంటివే.

ముఖం దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. చేతిరాతలో ఏ అక్షరమూ రెండుచోట్ల అచ్చుగుద్దినట్టు ఉండదు. ఒకరు తోక పొడుగ్గా లాగుతారు, ఇంకొకరు మధ్యలోనే కలం ఎత్తుతారు. అదే మనిషి పొద్దున ఒకరకంగా, రాత్రి దీపం వెలుగులో ఇంకోరకంగా రాస్తాడు. ఫాంటు గీసేవాడు వీటిలోంచి ఒకటి ఎంచుకోవాలి. అన్ని అక్షరాలూ ఒకే ఎత్తులో నిలవాలి, గీతల మందం కుదరాలి, చిన్న ఫోన్ తెర మీద చుట్ట మూసుకుపోకుండా లోపల ఖాళీ మిగలాలి. ఈ ఒత్తిళ్లన్నిటి మధ్యా అతను ఒక 'య'ను తేలుస్తాడు. రేపు బడిలో పిల్లలు దిద్దేది ఆ 'య'నే. మర్నాటికి తాత రాత తప్పుగా, మనవడి రాత ఒప్పుగా కనబడుతుంది. తాతను చూసి పుట్టిన ఫాంటు తాతనే దిద్దడం మొదలుపెడుతుంది.

ఉట్నూరు వైపు పల్లెల్లో ఓజాలు చేసే డోక్రా పని చూసినవాళ్లకు ఈ తేడా చెప్పకుండానే తెలుస్తుంది. వాళ్లు ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దానికి మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. మట్టి అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. గోండుల పూజలకూ పండుగలకూ తరతరాలుగా ఓజాలు పోసిచ్చిన వస్తువులు ఒకే సంప్రదాయంలో ఉంటాయి, అయినా ఏ రెండూ ఒకటి కావు. ఫాంటు దీనికి పూర్తిగా ఎదురు. ఇక్కడ అచ్చు పగలదు. ఒకసారి పోస్తే కోటిసార్లు అదే 'య'. మేలు కూడా అందులోనే ఉంది. ఆదిలాబాద్‌లో టైపు చేసింది అమెరికాలో చదవాలంటే అచ్చు పగలకూడదు. అందుకే ఆ అచ్చు పోసేవాడి బాధ్యత ఓజా బాధ్యత కన్నా బరువైనది. ఓజా చేతిలో ఒక బొమ్మ చెడితే ఒక బొమ్మే పోతుంది.

పైగా అచ్చు పోసేవాళ్లు చాలాసార్లు ఆ భాష చదవలేనివాళ్లే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒకానొక వరుసలో అందితే చాలు ఆపిల్ ఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో జోకులు వేసుకున్నాం. జ్ఞానం మోయలేక ఫోన్లు పడిపోయాయన్నాం. కొద్దిరోజుల్లోనే కంపెనీ దాన్ని సరిచేసింది. ఎందుకంటే ఫోన్లు ప్రపంచమంతా పడిపోయాయి, కేకలు వినబడ్డాయి. గోండి అక్షరం పక్కన గుణింతం గుర్తు ఒక ఫోన్లో పక్కకు జరిగి కూర్చుంటే ఏ ఫోనూ కూలిపోదు. ఎవరికీ వినబడదు. చదివే పిల్ల మాత్రం, తమ అక్షరం ఇట్లనే ఉంటది కావచ్చు అనుకుంటుంది.

ఇక్కడ ఎదురయ్యే వాదన నాకు తెలుసు. ఉట్నూరులో ఉపాధ్యాయుడైన ఒక గోండు మిత్రుడు ఫోన్ చేసినప్పుడల్లా 'రామ్ రామ్' అని మొదలుపెట్టి ఈ మాటే అంటాడు. "అన్నా, మీరు 'య' తోక గురించి కొట్లాడుతున్నరు. మా పిల్లలకు పదోతరగతి పాసయ్యేది తెలుగులో, నౌకరి వచ్చేది ఇంగ్లిష్‌లో. గీ లిపి నేర్చుకుంటే బస్సు బోర్డు కూడా చదవరాదు." మరి నీ గోండి మెసేజులు ఏ లిపిలో పంపుతావని అడిగాను. "తెలుగుల. ఇంకెట్ల పంపాలె?" అన్నాడు.

అతని మాటలో నిజం ఉంది. 2011 జనగణనలో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 29 లక్షల 84 వేలు. అంతమంది ఉన్నా ఆ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. లిపి ఒక్కటే భాషను నిలబెట్టదు. అన్నం పెట్టని అక్షరం మ్యూజియంలో బొమ్మ అవుతుంది. అయితే చరిత్ర చూస్తే ఇంకో సంగతి కూడా కనబడుతుంది. 1940లో కుమ్రం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. 1943లో మార్లవాయిలో గోండు పిల్లల చదువు మొదలైంది. అప్పుడు గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు, ఎందుకంటే ఆ ప్రాంతంలో మరాఠీ నడిచేది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు గోండి తెలుగు లిపిలోకి వచ్చింది. రెండుసార్లూ మంచి ఉద్దేశమే. రెండుసార్లూ గోండి తొడుక్కున్నది పక్కింటివాళ్ల అంగీ. సరిహద్దులు జరిగితే లిపి మారింది. మార్లవాయిలో దేవనాగరి దిద్దిన తాత, తెలుగు దిద్దిన మనవడి గోండి ఉత్తరం చదవలేడు. ఇద్దరి భాషా ఒకటే.

అట్లాగని గోండులకు వాళ్ల సొంత లిపి ఇదేనని మనం వేలు చూపించడం కూడా సరికాదు. మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగల్ సింగ్ మసరాం 1918లో గోండికి ఒక లిపి తయారుచేశాడు. అది 2017లో యూనికోడ్‌లోకి వెళ్లింది. ఏడాది తేడాతో ఒకే భాషకు రెండు లిపులు. ఏది నిలబడాలన్నది ఏ ఫాంటు అందంగా ఉంది, ఏది ఫోన్లో ముందుగా వచ్చింది అనేదాని మీద తేలిపోతే అది గోండులు చేసిన ఎంపిక కాదు, ఫోన్లు చేసిన ఎంపిక. నా భయం అదే. తెర దగ్గర ముందుగా చేరినవాడి మాట చెల్లుతుంది, ఆ తర్వాత అది అనాదిగా ఉన్నట్టే అనిపిస్తుంది.

మరి ఫాంటు గీసేవాడు చేతులు ముడుచుకోవాలా? అక్కర్లేదు. ఎవరో ఒకరు గీయకపోతే గుంజాల అక్షరాల స్థానంలో ఫోన్లు ఖాళీ డబ్బాలు చూపిస్తాయి. డబ్బా కన్నా కాస్త వంకరగా ఉన్న 'య' మేలు. ఒక లిపికి ముఖం గీసినవాడు దానికి యజమాని కాడు, బాకీ ఉన్నవాడు అన్నంతవరకే నా వాదన. ఆ బాకీ తీర్చడానికి చేయాల్సిన పనులు కూడా పెద్దవేమీ కావు. ఫాంటుతో పాటు ఆ రాతప్రతుల బొమ్మలు, పెద్దల చేతిరాతలు అందరికీ అందుబాటులో ఉంచాలి. 'ఇది ఒక రూపం, ఇంకా రూపాలు ఉన్నాయి' అని చదివే పిల్లకు తెలియాలి. ఏ కొత్త ఫాంటునైనా ముందు నార్నూర్ బడిలో చదివించి చూడాలి, ఆ తర్వాతే ప్రపంచానికి ఇవ్వాలి. నోటో లాంటి ఫాంట్లు ఎవరైనా తీసుకొని మార్చుకోగల లైసెన్సుతో వస్తున్నాయి. ఆ అనుమతి కాగితం మీద ఉంటే చాలదు, మార్చే పని నేర్పే మనిషి ఉట్నూరులో కూర్చోవాలి. కరీంనగర్‌లో మాబోటి డీటీపీ వాళ్లు ఒక వయసు దాటాక ఖాళీగానే ఉంటున్నారు. గీత సాఫ్ట్‌వేర్ మాకు వచ్చు. వాళ్ల అక్షరం మాకు రాదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే కుదిరే పనే ఇది.

గోండు పిల్లలు తమ చేతిరాత నుంచి తామే రెండో ఫాంటు, మూడో ఫాంటు చేసుకున్న రోజు మొదటి ఫాంటు పెత్తనం దానంతట అదే తగ్గుతుంది. తెలుగుకు జరిగింది కూడా అదే. ఇన్ని రకాల తెలుగు ఫాంట్లు ఉన్నాయి గనకే ఏ ఒక్కదాన్నీ తెలుగు అనుకోం. ఇక ఆ లిపిలో ఏ గుర్తులు ఉండాలన్నది కూడా ఇంకా ముగిసిపోలేదు. యూనికోడ్ గుంజాల గోండికి 80 గదులు కేటాయించింది. వాటిలో 63 నిండాయి. మిగిలిన 17 గదుల్లో ఏం రావాలో, అసలు ఏమైనా రావాలో లేదో చెప్పవలసింది గోండి మాట్లాడేవాళ్లు.