నొప్పి తెచ్చు వార్త



పొలము గట్టున నడుచుచుండగా కుడికాలికి తుమ్మముల్లు గుచ్చుకొనినదనుకొనుడి. మనము "అమ్మా" అనకముందే కాలు పైకి లేచును. ఆ పని మెదడు చేసినది కాదు, వెన్నుపామే చేసినది. అయితే వార్త అంతటితో ఆగదు. అది వెన్నుపాములో మరియొక నరమునకు అప్పగింపబడి, ఎడమ ప్రక్కకు దాటి, పైకెక్కి, మెదడులోని థాలమస్ అను భాగముద్వారా మెదడు పైపొరకు చేరును. అప్పుడే మనకు నొప్పి తెలియును.

ఈ దారి లేకపోయిన మేలు గదా అని కొందరందురు. కుష్ఠురోగము చేతులలోను కాళ్లలోను నరములను చెరచినప్పుడు ఆ వార్త బయలుదేరనే బయలుదేరదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు, ఆ రోగుల వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవుట లేదనియు, నొప్పి తెలియనందున కలుగు గాయములవలననే ఎక్కువగా పాడగుచున్నవనియు గ్రహించి చాటిరి. కాబట్టి నొప్పి శత్రువు కాదు, కావలివాడు.

అయితే కావలివాడు చెప్పవలసినది చెప్పిన తరువాతను రాత్రింబగళ్లు కేకలు వేయుచుండిన యెడల ఏమి చేయవలెను? ఇక్కడ మేము మా తప్పు ఒప్పుకొనవలెను. మా సంఘములో క్యాన్సరుతో మంచము పట్టిన ఒక పెద్దమ్మగారు మార్ఫిన్ మాత్ర వేసికొనుటకు జంకి, "అయ్యగారూ, ఇది దేవుడు పెట్టిన శోధన కాదా? తప్పించుకొనవచ్చునా?" అని అడిగిరి. "ఓర్చుకొనండమ్మా" అని చెప్పి, ప్రార్థన చేసి వచ్చితిమి. ఆ రాత్రి ఆమె మూలుగు వీధి చివరనున్న మా యింటివరకు వినబడెను.

ఆ నొప్పి క్రొత్తగా తెచ్చిన వార్త యేమి? రోగము సంగతి వైద్యునికిని ఆమెకును ముందే తెలియును. అమెరికాలో స్పిల్లర్, మార్టిన్ అను వైద్యులు, గడ్డవలన తాళలేని బాధపడుచున్న రోగికి వెన్నుపాములోని ఆ దారినే కోసి ఉపశమనము కలిగించినట్లు 1912లో ప్రకటించిరి. మార్ఫిన్ అయితే ఏ కోతయు లేకయే వెన్నుపాములోను మెదడులోను ఆ వార్తను అణచును. అంతేకాదు, మెదడునుండి క్రిందికి దిగు నరములు సైతము వెన్నుపాములోనే నొప్పిని తగ్గించగలవు. మార్ఫినువంటి పదార్థములను మన దేహమే పుట్టించుకొనును. నొప్పికి దారి వేసిన సృష్టికర్తయే దానిని శాంతపరచు మార్గమును కూడ అదే దేహములో ఉంచియుండగా, ఆ మాత్ర అవిశ్వాసమెట్లగును?

తెల్లవారగానే వెళ్లి, "అమ్మా, మేము పొరపాటు చెప్పితిమి" అంటిమి. ఆమె మాత్ర వేసికొని, చాల దినముల తరువాత నిద్రపోయిరి.

క్రొత్తగా వచ్చిన నొప్పిని అణచిపెట్టక వైద్యునికి చూపుడి. చెప్పవలసినది చెప్పి ముగించిన నొప్పిని మాన్పుటకు వెనుదీయకుడి. మొదటి కొరింథీయులకు 12వ అధ్యాయము సంఘమును దేహముతో పోల్చుచున్నది. ప్రక్కయింటి మూలుగు మనకు వినబడియు మన కాలు కదలనియెడల, ఎక్కడో నరము తెగినదని తెలిసికొందము.