మనతోపాటు పెరిగే శత్రువు



పిల్లలు కంప్యూటర్ మీద ఆడే ఆటలంటే పెద్దలకు విసుగు. అయితే వాటిలో ఒక రకం ఆట మనల్ని ఒక మంచి ప్రశ్న అడుగుతుంది. అందులో ఆటగాడు ఒక వీరుడి పాత్ర ధరిస్తాడు. శ్రమించినకొద్దీ అతని 'లెవెల్' పెరుగుతుంది. మరి శత్రువు బలం కూడా దానితోపాటే పెరగవచ్చా? అది న్యాయమేనా?

అమెరికాలోని బెథెస్డా సంస్థ 2006లో విడుదల చేసిన 'ఆబ్లివియన్' ఆటనే చూడండి. మొదట్లో తోడేళ్లు ఎదురైన దారిలోనే, వీరుడి లెవెల్ పెరిగాక ఎలుగుబంట్లు ఎదురవుతాయి. నిన్న తోలు కవచంతో తిరిగిన దారిదోపిడీ దొంగ, నేడు రాజులకైనా దొరకని కవచం తొడుక్కుని వస్తాడు. అంత సంపద ఉన్నవాడికి దొంగతనమెందుకు?

ఇంకో చిత్రం ఉంది. వ్యాపారం, మాటనేర్పు వంటి విద్యలను ముఖ్యమైనవిగా ఎంచుకుని సాధన చేసినా లెవెల్ పెరుగుతుంది. కత్తి పట్టే చేయి మాత్రం అలాగే ఉంటుంది. శత్రువు ఆ తేడా చూడడు, రెట్టించిన బలంతో వస్తాడు. ఆ ఆటలో వీరుడు నిద్రపోతేనే లెవెల్ పెరుగుతుంది. అందుకే కొందరు ఆటగాళ్లు అతణ్ణి నిద్రపోనివ్వడమే మానేశారు. ఎదగకపోవడమే తెలివి అయింది!

ఈ పద్ధతిలో మంచి లేదని కాదు. బలహీనుడు గుమ్మం దగ్గరే ఆగిపోనక్కరలేదు, ఏ దిక్కుకైనా వెళ్లవచ్చు. బలవంతుడికి విసుగు పుట్టదు. మోయగలిగినంత బరువే భుజాన పెట్టడం దయే కదా!

కానీ దయకూ ఒక హద్దుండాలి. కొత్త కొండ చూపించి "ఇది కూడా ఎక్కు" అనడం ప్రోత్సాహం. ఎక్కిన కొండనే రాత్రికి రాత్రి ఎత్తు పెంచి "నువ్వింకా కిందే ఉన్నావు" అనడం మోసం. మనం ఎంత ఎదిగామో తెలియాలంటే, కదలకుండా నిలిచి ఉండే గుర్తు ఒకటి కావాలి. ఒకనాడు మనల్ని ఓడించిన చోటికే తిరిగి వెళ్లి, నిబ్బరంగా నడిచి దాటగలగాలి. శ్రమకు దక్కే నిజమైన కూలి అదే. 2011లో వచ్చిన 'స్కైరిమ్' ఆటలో అదే సంస్థ చాలా చోట్ల శత్రువుల బలానికి కనిష్ఠ, గరిష్ఠ హద్దులు పెట్టింది.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! ఈ మాట ఆటలకే పరిమితం కాదు. అరవై మార్కులు తెచ్చిన బిడ్డను ఎనభై ఏవని, ఎనభై తెస్తే తొంభై ఏవని అడుగుతాం. బిడ్డ ఎదిగినకొద్దీ మన గీత పైకి జరుగుతూనే ఉంటుంది. చివరికి ఆ బిడ్డకు మిగిలేది అలసటే. పెద్ద లక్ష్యం చూపించండి, తప్పులేదు. కానీ ముందుగా, దాటిన గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, "దీన్ని నువ్వు దాటావు" అని మనసారా చెప్పండి. ఆ గీతను ఇక జరపకండి.