సౌదా ముగిశాక పడిపోయిన ధర

రాయ్‌పూర్ రైల్వే స్టేషనుకు అవతలి వైపు గుఢియారీ. ఊరి కిరాణా టోకు బజారుల్లో అదొకటి. పప్పులు, నూనెలు, చక్కెర బస్తాల లెక్కన చేతులు మారే చోట ఒక నియమాన్ని ఎవరూ కాగితం మీద రాసుకోరు. సౌదా కుదిరాక భావ్ పడితే నష్టం కొన్నవాడిది, పెరిగితే అమ్మినవాడిది. పొద్దున కొన్న కందిపప్పు సాయంత్రానికి క్వింటాలుకు రెండు వందలు తగ్గిందని బస్తా వెనక్కి మోసుకెళ్లే వ్యాపారికి మర్నాడు ఎవరూ సరుకివ్వరు.

అదే వ్యాపారి హైదరాబాదుకు విమానం టికెట్ కొంటాడు. వారం తర్వాత ఊరికే ఫోను తెరిచి చూస్తే, అదే రోజు, అదే విమానం, పదిహేను వందలు తక్కువ. అప్పుడు బజారు నీతి గుర్తు రాదు. ఆ తేడా తనకు తిరిగి రావాలనే అనిపిస్తుంది. ఇంట్లో అందరికీ అలాగే అనిపిస్తుంది. రైలు కొలువుల వెంట వచ్చి తరాలుగా రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా, పెళ్లిళ్లకూ పండగలకూ సొంతూళ్లకు టికెట్లు వెతికే ఎవరికైనా ఈ చిరాకు కొత్త కాదు. దాన్ని పిసినారితనం అని కొట్టిపారేయడం తేలిక. దాని కింద మాత్రం పాత ధర్మసందేహం ఒకటి ఉంది: ఇచ్చిపుచ్చుకోవడం ముగిశాక ధర మారితే, అమ్మినవాడు కొన్నవాడికి ఏమైనా బాకీ పడతాడా?

అమెరికాలో ఈ సందేహానికి కంపెనీలే ఒక జవాబు తయారుచేశాయి. 2020 ఆగస్టు చివర్లో, కోవిడ్‌తో విమానాలు ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో, యునైటెడ్, డెల్టా, అమెరికన్ వరసగా టికెట్ మార్పు రుసుము ఎత్తేశాయి. అంతకుముందు దేశీయ టికెట్ మార్చుకోవాలంటే రెండు వందల డాలర్ల దాకా కట్టాలి గనుక, యాభై డాలర్లు తగ్గినా ప్రయాణికుడు చేసేదేమీ ఉండేది కాదు. ఆ తర్వాత దారి తెరుచుకుంది. ధర తగ్గితే అదే విమానానికి టికెట్ ‘మార్చుకుని’, తేడాను కంపెనీ ఖాతాలో క్రెడిట్‌గా ఉంచుకోవచ్చు. అన్నిటికన్నా చవక తరగతి టికెట్లకు మాత్రం సాధారణంగా ఆ వీలు లేదు. సౌత్‌వెస్ట్ అంతకు చాలాకాలం ముందునుంచే మార్పు రుసుము లేకుండా నడిచింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్లలో టికెట్ కొన్నాక కూడా ధర మీద ఓ కన్నేసి ఉంచేవాళ్లు ఉన్నారంటే కారణం ఇదే. అడిగినవాడికి వస్తుంది, అడగనివాడికి రాదు. నగదు రాదు, గడువున్న క్రెడిట్ వస్తుంది.

మన దేశంలో ఆ అలవాటు పెద్దగా లేదు. రద్దు రుసుము వేలల్లో ఉంటే తగ్గిన పదిహేను వందలు అందులోనే కరిగిపోతాయి. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, రెండు పనులు చేసింది. రద్దు రుసుము మూల ధర, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదంది. ప్రయాణానికి ఏడు రోజులకు పైగా వ్యవధి ఉంటే, కొన్న 24 గంటల్లోపు ఏ రుసుమూ లేకుండా రద్దు చేసుకోవచ్చంది. ఆ 24 గంటల గడువును 48 గంటలకు పెంచుతామంటూ 2025 నవంబరులో ముసాయిదా కూడా తెచ్చింది.

కొన్నవాడు మనసు మార్చుకునేందుకు గడువు ఇవ్వడం డీజీసీఏ కనిపెట్టింది కాదు. మనుస్మృతి చెప్పే పద్దెనిమిది వ్యవహార పదాల్లో, అంటే తగవుల రకాల్లో, క్రయవిక్రయానుశయం ఒకటి. కొన్నాక గానీ అమ్మాక గానీ పశ్చాత్తాపపడితే పది రోజుల్లోపు తిప్పుకోవచ్చని మనువు. కౌటిల్యుడు కచ్చితమైన మనిషి. వర్తకులకు ఒక్క రాత్రే ఇచ్చాడు, రైతులకు మూడు రాత్రులు, పశువుల కాపరులకు అయిదు. నారదస్మృతి లెక్క చూస్తే ఇవాళ్టి విమాన కంపెనీలు అక్కడినుంచే నేర్చుకున్నాయా అనిపిస్తుంది. కొన్న రోజే చెడిపోకుండా తిరిగిస్తే నష్టం లేదు, రెండో రోజైతే ధరలో ముప్పయ్యో వంతు పోతుంది, మూడో రోజైతే దానికి రెట్టింపు, ఆ పైన ఇక కొన్నవాడిదే. యాజ్ఞవల్క్యుడు సరుకును బట్టి పరీక్షకు గడువు పెట్టాడు: ఇనుముకు ఒక రోజు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాస్తే, దాన్ని పదమూడో శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగువాళ్లు న్యాయశాస్త్రాన్ని సొంత భాషలో చదువుకోవడం అంత పాతది.

ఈ గడువులన్నీ సరుకు మీద అనుమానానికో, మనసు మారడానికో. ధర మారడం గురించి యాజ్ఞవల్క్యుడు వేరే చోట మాట్లాడాడు, గట్టిగా మాట్లాడాడు. ధర పెరుగుతుందో తగ్గుతుందో ఎరగక కొన్న వర్తకుడు తర్వాత వెనక్కి తిరగరాదు, తిరిగితే ఆరో వంతు దండుగ. గుఢియారీ నీతి సరిగ్గా ఇదే. అయితే ఆ మాట చెప్పింది వర్తకుడికి. లాభనష్టాలు ఊహించడమే వృత్తిగా ఉన్నవాడికి ఊహ తప్పితే ఓదార్పు ఉండదు, న్యాయమే. తద్దినానికి ఊరెళ్లే మనిషి అలాంటివాడేనా?

ఇక్కడ రాయ్‌పూర్ చుట్టుపక్కల రైతు అడ్డొచ్చి తన సంగతి చెబుతాడు. ఛత్తీస్‌గఢ్‌లో వడ్లు అమ్మిన నెలలకు తేడా డబ్బు ఖాతాలో పడటం మామూలే. 2018 ఎన్నికల్లో క్వింటాలుకు 2,500 రూపాయలు ఇస్తామన్న కాంగ్రెస్ గెలిచింది. మద్దతు ధరకు పైన బోనస్ ఇవ్వడానికి కేంద్రం అభ్యంతరపెడితే, రాష్ట్ర ప్రభుత్వం ఆ తేడాను 2020 మే 21న మొదలైన రాజీవ్ గాంధీ కిసాన్ న్యాయ్ యోజన పేరుతో ఇచ్చింది. 2023లో బీజేపీ మాట 3,100. ఆ ఏటి మద్దతు ధర 2,183 గనుక మిగిలిన 917 రూపాయలు 2024 మార్చిలో రైతుల ఖాతాలకు చేరాయి. అంతకన్నా వింత 2023 డిసెంబరు 25న జరిగింది. 2014-15, 2015-16 సీజన్లలో అమ్మిన వడ్లకు రావలసిన బోనస్, క్వింటాలుకు 300 చొప్పున, ఏళ్ల తర్వాత అందింది. ఆ వడ్లు అన్నమై, ఆ అన్నం తిన్నవాళ్లు మరిచిపోయాక.

సౌదా ముగిశాక తేడా ఇవ్వడం సాధ్యమేనని, ప్రభుత్వం తలుచుకుంటే ఎనిమిదేళ్ల కిందటి సౌదా కూడా తెరుచుకుంటుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. జాగ్రత్తగా చూస్తే అక్కడ బాకీ ధరలోంచి పుట్టలేదు, మాటలోంచి పుట్టింది. ముందే ఇంత ఇస్తామన్నారు, ఇవ్వలేదు, తర్వాత ఇచ్చారు. విమాన కంపెనీ రేపు తగ్గితే తేడా ఇస్తానని చెప్పి అమ్మదు. తనను, ఆలిని, బిడ్డను పోగొట్టుకునైనా మాట నిలుపుకున్న హరిశ్చంద్రుణ్ణి రాత్రంతా మేలుకుని నాటకంలో చూసిన జాతికి ఈ తేడా వివరించనక్కర్లేదు. మాట లేని చోట బాకీ ఏదీ?

మాట ఇచ్చాక అటువైపు తప్పిన ఉదాహరణా ఉంది, అది రైళ్లలోనే జరిగింది. 2014 జూన్ 25 నుంచి రైలు ఛార్జీలు 14.2 శాతం పెరిగాయి. అంతకుముందే టికెట్ కొన్నవాళ్లు కూడా తేడా కట్టాలన్నారు. టీటీఈలు బోగీల్లో తిరిగి వసూలు చేశారు. రెండు నెలల ముందే రిజర్వేషన్ చేయించుకున్న మనిషి బెర్తు మీద కూర్చుని మళ్లీ జేబు తడుముకోవాల్సి వచ్చింది. పెరిగిన తేడా లాక్కునేవాడు తగ్గిన తేడా కూడా ఇవ్వాలి. ఆ ఏడాది రైల్వేను ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే జవాబు కష్టమయ్యేది. 2020 జనవరి 1న ఛార్జీలు పెంచినప్పుడు, 2025 జులైలో పెంచినప్పుడు, ముందే కొన్న టికెట్లను ముట్టుకోలేదు. ధర్మం ఆలస్యంగానైనా పట్టాలెక్కింది.

విమాన కంపెనీ ఆ తప్పు చేయదు. మూడు వేలకు కొన్న సీటు ప్రయాణం రోజుకు తొమ్మిది వేలైనా, ప్రయాణికుణ్ణి ద్వారం దగ్గర ఆపి ఆరు వేలు అడగదు. కాబట్టి పెరిగితే తనది, తగ్గితే మాత్రం తేడా కావాలనే ప్రయాణికుడి వాదన కుంటిది. బైబిల్లో మత్తయి సువార్త చెప్పే ద్రాక్షతోట కథ ఈ మనస్తత్వాన్నే పట్టుకుంది. పొద్దున్నుంచి ఎండలో పనిచేసినవాళ్లకు ఒప్పుకున్న కూలీ ముట్టింది. సాయంత్రం వచ్చినవాళ్లకూ అంతే ముట్టేసరికి సణిగారు. ఒప్పుకున్నది ఇచ్చాను కదా అని యజమాని జవాబు. పక్కవాడికి ఎంతొచ్చిందో తెలియకపోయి ఉంటే వాళ్లు సంతోషంగానే ఇంటికి పోయేవాళ్లు. కొన్నాక మళ్లీ ధర చూసుకోవడం కూడా పక్కవాడి కూలీ చూసి సణగడం లాంటిదే.

ఇంతవరకూ తీర్పు కంపెనీ వైపే. కానీ క్రీస్తుపూర్వం 44లో సిసెరో తన కొడుకు కోసం రాసిన ధర్మగ్రంథంలో ఒక ఓడ కథ ఉంది. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం ఓడతో ఒక వర్తకుడు చేరుకున్నాడు. వెనకాలే మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్లకు తెలియదు. చెప్పాలా, మౌనంగా ఎక్కువ ధరకు అమ్ముకోవాలా? బాబిలోనియా డయోజనీస్ చెప్పనక్కర్లేదన్నాడు. దాచడం వేరు, చెప్పకపోవడం వేరని అతని వాదన. శిష్యుడు ఆంటిపేటర్ ఒప్పుకోలేదు, కొనేవాడికి తెలియనిదేదీ అమ్మేవాడు దాచుకోకూడదన్నాడు. సిసెరో శిష్యుడి పక్షం తీసుకున్నాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ మళ్లీ మొదటి పక్షానికి మొగ్గాడు: చెప్పకపోతే అన్యాయం కాదు, చెబితే గొప్ప గుణం.

విమానం టికెట్ విషయంలో ఈ కథకు ఒక మలుపుంది. రోడ్స్ వర్తకుడి వెనక వస్తున్న ఓడలు పరాయివాళ్లవి. ఇక్కడ వెనక వచ్చే ఓడలూ అదే వర్తకుడివి! 1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక కంపెనీని ఎదుర్కోవడానికి, విమానంలో ఎన్ని సీట్లు ఏ ధరకు ఎప్పుడు వదలాలో కంప్యూటరుతో లెక్కగట్టే పద్ధతిని పెద్దఎత్తున అమలు చేసింది. అప్పటినుంచి ప్రపంచమంతా ఆ దారే. మన దగ్గర ఎయిర్ డెక్కన్ తెచ్చిన రూపాయి టికెట్టూ ఆ లెక్కలోదే. రేపు ధర కచ్చితంగా తగ్గుతుందని కంపెనీకీ తెలియదు, నిజమే. కానీ ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయి, పోయినేడు ఇదే వారం ఎలా నిండింది, ఏ ధర మెట్టులో ఎన్ని మిగిలాయి, అన్నీ అమ్మేవాడొక్కడికే తెలుసు. ఎదుటివాడికి కనిపించేది ‘ఈ ధరకు రెండు సీట్లే’ అన్న ఎర్రక్షరాల తొందర.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ చోటనే వేలు పెట్టింది. సంత చేరకముందే బిడారుకు ఎదురెళ్లి సరుకు కొనడాన్ని ప్రవక్త నిషేధించాడని హదీసులు చెబుతాయి. ఎవరైనా అలా కొంటే, అమ్మినవాడు సంతకు చేరి అసలు ధర తెలుసుకున్నాక సౌదా నిలపాలా వద్దా తేల్చుకునే హక్కు అతనిదే. ధర మారినందుకు కాదు, చీకట్లో సౌదా జరిగినందుకు. చింతించేవాడి సౌదాను దయతో రద్దు చేసిన వర్తకుడి తప్పులను దేవుడు మన్నిస్తాడని మరో హదీసు. హక్కు వేరు, దయ వేరు. ఎయిర్‌లైన్ క్రెడిట్ ఈ రెంటికీ మధ్య వేలాడుతుంది. దయ అయితే అడగనివాడికీ దక్కాలి. హక్కు అయితే నగదుగా దక్కాలి.

నగదు ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, వేరే దారిలో. లాక్‌డౌన్‌లో రద్దైన టికెట్ల మీద ప్రవాసీ లీగల్ సెల్ వేసిన కేసులో 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. డబ్బు వెంటనే తిరిగివ్వలేని కంపెనీలు క్రెడిట్ షెల్, అంటే తర్వాతి టికెట్లకు వాడుకునే జమ, ఇవ్వవచ్చు, 2021 మార్చి 31లోగా వాడుకోకపోతే నగదివ్వాలి, అప్పటిదాకా దాని విలువ నెలకు ముందు 0.5 శాతం, 2020 జులై నుంచి 0.75 శాతం పెరగాలి. ఆ తీర్పులో లెక్కకన్నా దాని వెనకున్న గుర్తింపు ముఖ్యం. కంపెనీ దగ్గరున్నా ఆ డబ్బు ప్రయాణికుడిదే. డీజీసీఏ నిబంధన కూడా క్రెడిట్‌గా ఉంచుకోవడం ప్రయాణికుడి ఇష్టమే తప్ప కంపెనీ అలవాటు కాకూడదంటుంది.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తాపసి, తలలో పిట్టలు గూడు కట్టినా కదలనంత తపస్సు చేసినవాడు, కాశీలో తులాధారుడనే కొట్టువాడి దగ్గరికి ధర్మం నేర్చుకోవడానికి వస్తాడు. తన తక్కెడ అందరికీ ఒకటేనన్నది తులాధారుడి గొప్ప. పక్కపక్క సీట్లకు నాలుగు రకాల ధరలున్న విమానంలో అతను కూర్చుంటే ఏమనేవాడో ఊహించవచ్చు. ఊహ అక్కడ తొందరపడకూడదు. చివరి నిమిషంలో ఎక్కువ కట్టి ఆఫీసు పని మీద వెళ్లే ఉద్యోగి లేకపోతే, ముందే కొన్న ముసలమ్మకు ఆ చవక సీటు ఉండేది కాదు. 2020 మే 25 నుంచి 2022 ఆగస్టు 31 దాకా కేంద్రం ధరలకు కింద హద్దు, పైన హద్దు రెండూ కట్టింది. పై హద్దు దోపిడీని ఆపితే, కింది హద్దు చవక టికెట్లను కూడా ఆపింది. తక్కెడ ఒకటే కావడమంటే ధర ఒకటే కావడం కాకపోవచ్చు. తూకం ఇద్దరికీ కనిపించడం కావచ్చు.

ఆ లెక్కన తేడా తిరిగివ్వడం కన్నా ముందు అడగవలసినది ఇంకొకటుంది. ఏ మార్గంలో ఏ ఏ ధరల మెట్లున్నాయో కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని డీజీసీఏ 2010లోనే ఆదేశించింది. అవి పెడుతున్నాయి కూడా; పేజీ అడుగున చిన్న అక్షరాల లంకె నొక్కితే పట్టిక తెరుచుకుంటుంది. కింది మెట్టుకూ పై మెట్టుకూ మధ్య ఎన్నో రెట్ల తేడా. ఒక్కో మెట్టులో ఎన్ని సీట్లు పెట్టారో, ఇవాళ ఎన్ని మిగిలాయో ఆ పట్టిక చెప్పదు. ఆంటిపేటర్ చెప్పమన్నది ఆ సంఖ్యనే.