ఇంత చౌక ఎందుకని?

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పేరున్న కంపెనీ ఉన్ని కోటు, కొత్తది 1,800 డాలర్లట, ఒకరు వాడినది 300కే పెట్టారట, కొనెయ్యనా అని అడిగావు. ఎంత తగ్గిందో రెండుసార్లు రాశావు గానీ ఎందుకు తగ్గిందో ఒక్కసారీ రాయలేదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ రాయని మాట గురించే. ఒకరు వాడిన బట్ట ఆన్‌లైన్‌లో కొనడానికి నాకే అభ్యంతరమూ లేదు. ఎవరో కట్టి విడిచినవి మనకెందుకని ఇంట్లో ఎవరైనా సణిగితే పట్టించుకోకు. అక్క గౌన్లు చెల్లెలికి వేసి పెంచినవాళ్లం, అమ్మమ్మ పట్టుచీర మనవరాలు పెళ్లిలో కడితే మురిసిపోయేవాళ్లం, మనకు ఆ పట్టింపు ఎప్పుడుంది గనక! నా పట్టింపు వేరు. ఏ వస్తువైనా దాని స్థాయికి తగని చౌకలో దొరికిందంటే వెనక ఓ కారణం ఉండి తీరుతుంది. కొన్ని కారణాలు నీకు కలిసొస్తాయి, కొన్ని నిన్ను ముంచుతాయి, కొన్ని అమ్మేవాళ్లను ముంచుతాయి. అది ఏ రకమో తేలేదాకా డబ్బు కట్టకు.

ముందుగా ఆ కొట్టేసి చూపించే పాత ధరను లెక్కలోంచి తీసెయ్యి. అది బట్ట విలువ కాదు, ఒకప్పుడు ఎవరో దానికి కట్టిన సొమ్ము. అందులో ఉన్నికీ కుట్టుకూ పోయింది కొంత, ఖరీదైన వీధిలో కొట్టు అద్దెకూ ప్రకటనలకూ పేరుకూ పోయింది బోలెడు. ఆ పేరును కాపాడుకోవడానికి ఈ కంపెనీలు ఎంతకైనా తెగిస్తాయి. బర్బెరీ కంపెనీ 2 కోట్ల 86 లక్షల పౌండ్ల అమ్ముడుపోని సరుకును నాశనం చేశామని 2018లో తన వార్షిక నివేదికలోనే రాసుకుంది. గగ్గోలు రేగాక ఆ సెప్టెంబరులో ఇక మానేస్తామంది. ఫ్రాన్స్ 2020లో చట్టం చేసి మరీ ఇలాంటి పని నిషేధించాల్సి వచ్చింది. సరుకు చౌకగా బజారుకెక్కితే పేరు పలచబడుతుందన్న భయం ఈ వ్యాపారంలో అంత గట్టిది. అలా నిలబెట్టిన ధరతో పోల్చుకుని 1,500 మిగిల్చానని సంబరపడితే నువ్వు లెక్కేసింది వాళ్ల భయాన్ని. మన దేశంలోనూ చూశాం కదా: 2021 ఆగస్టులో డిజైనర్ సబ్యసాచి, హెచ్ అండ్ ఎమ్ కంపెనీ కలిసి తెచ్చిన దుస్తులు నిమిషాల్లో అయిపోయాయి, కొన్నవాళ్లే వాటిని ఇంకా ఎక్కువ ధరకు మారుబేరానికి పెట్టారు. అందులో చీర 9,999 రూపాయలు, అదీ మగ్గం మీద నేసిన డిజైను కాదు, అచ్చు వేసింది. ఆ డబ్బు పట్టుకుని పోచంపల్లి వెళ్తే నేతగాళ్ల ఇంటి ముందే ఇకత్ చీర కొనుక్కోవచ్చు.

నీకు కలిసొచ్చే కారణాల్లో మొదటిది కొలత. ఆడవాళ్ల దుస్తుల సైజులకు అమెరికా ప్రభుత్వం 1958లో ఒక ప్రమాణం పెట్టి, 1983లో ఎత్తేసింది. తర్వాత ఎవరి సైజు వాళ్లదే. కొనేవాళ్లను మెప్పించడానికి అదే నడుముకు చిన్న నంబరు వెయ్యడం అలవాటైంది. అందుకే పాతకాలపు 12 ఇప్పటి 6కో 8కో సరిపడొచ్చు. నంబరు కొట్టి వెతికేవాళ్లకు అది కనిపించదు, ధర పడిపోతుంది. నంబరు వదిలేసి, కోటును బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు, భుజం నుంచి భుజానికి, చెయ్యి పొడవు ఎన్ని అంగుళాలో కొలిచి చెప్పమను. నీకు బాగా నప్పే కోటు పక్కన పెట్టుకుని సరిచూసుకో. రెండోది రుతువు: మే నెలలో ఉన్ని కోటు ఎవరికి కావాలి? అది నీకు అచ్చమైన లాభం. మూడోది లోపం, ఇక్కడే కాస్త నిదానంగా చూడాలి. కోటు ముందు భాగం ఎవరైనా అందంగా ఫొటో తీస్తారు. నువ్వు అడగాల్సింది లోపలి లైనింగు, అదీ చంకల దగ్గర. చేతుల అంచులు, జేబు మూతులు, కాలరు మడత. వాడకం మొదట కనిపించేది అక్కడే. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఇంకో ఫొటో తియ్యమను, చిమట కొట్టిన చిల్లులుంటే అందులో బయటపడతాయి. గుండీ ఊడితే పది నిమిషాల పని. లైనింగు మార్చాలంటే మాత్రం మీ అమెరికాలో దర్జీ కూలి కోటు ధరనే మించిపోవచ్చు. పట్టయితే మడత చూడు. ఏళ్ల తరబడి ఒకే మడత మీద బీరువాలో పడి ఉన్న పట్టు ఆ గీత వెంబడే పిగిలిపోతుంది, రఫ్ఫు చేయిస్తే దాని పక్కన పిగులుతుంది. అది ఊరికే ఇచ్చినా కట్టుకోవడానికి పనికిరాదు. లోపం ఏమిటో, బాగుచేయడానికి ఎంతవుతుందో రెండూ తెలిశాక మిగిలేదే అసలు చౌక.

నిన్ను ముంచే కారణం నకిలీ. బట్టకు పేరు కుట్టడం చాలా తేలిక, అందుకే పేరును ఆఖరున చూడు. అమెరికాలో అమ్మే దుస్తుల మీద ఏ పీచు ఎంత శాతమో, ఏ దేశంలో తయారైందో, తయారీదారు పేరో దాని బదులు వేసే ఆర్‌ఎన్ నంబరో ఉండాలని చట్టం. ఆ నంబరు ఉంటే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైటులో పైసా ఖర్చు లేకుండా వెతకొచ్చు. సంబంధం లేని కంపెనీ పేరు వచ్చిందంటే అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటి పుట్టినట్టే. మేమే పరీక్షించి ఇస్తాం అనే మాట మీద మరీ వాలిపోకు. వాడిన బట్టలు అమ్మే పోష్‌మార్క్ సైటులో ఆ పరీక్ష 500 డాలర్లు, ఆపైన ఉన్నవాటికే, నీ కోటు దాని కిందికి రాదు. పరీక్షించామని అమ్మేవాళ్లూ పొరబడతారు: పాత ఖరీదైన సరుకు అమ్మే న్యూయార్క్ కంపెనీ ఒకటి షనెల్ నకిలీలు అమ్మిందని తేల్చి, 40 లక్షల డాలర్లు కట్టాలని అక్కడి జ్యూరీ 2024 ఫిబ్రవరిలో చెప్పింది. కొన్నాక పెట్టె అందిన రోజే విప్పి చూసుకో, మూడు రోజుల్లో ఫిర్యాదు చెయ్యకపోతే పోష్‌మార్క్ ఆ సొమ్ము అమ్మినవాళ్లకు వదిలేస్తుంది. సైటు బయట పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపితే ఇంకో యాభై తగ్గిస్తాం అంటే ఆ బేరం అక్కడే వదిలెయ్యి. ఆ దారిన పంపిన డబ్బుకు కొనుగోలు రక్షణ లేదు.

నకిలీ అని తెలిసే కొంటే ఎవరికి నష్టం, ఆ కంపెనీలు కోట్లలో తేలుతున్నాయి కదా అని నీ వయసువాళ్లు అంటుంటారు. కంపెనీ కోసం నేనూ కన్నీళ్లు పెట్టుకోను. కానీ ఈ మారుబేరాల లోకంలో ఏ బట్టా ఒకరి దగ్గర ఆగదు. రెండేళ్లకు నీకూ విసుగొస్తుంది, అమ్మకానికి పెడతావు. నకిలీ అని నిజం రాస్తే సైటు ఒప్పుకోదు. రాయకపోతే ఇంకో ఆడపిల్ల ముక్కూమొహం తెలియని నిన్ను నమ్మి డబ్బు పోగొట్టుకుంటుంది. ఇక ఇన్ని ఆరాలు తీసేలోపు ఎవరో ఎగరేసుకుపోతారంటావా, పోనీ. పన్నెండు మంది ఇదే చూస్తున్నారు అని తెర మీద మెరిసే అక్షరాలు నిన్ను ఆలోచించనివ్వకుండా చెయ్యడానికే ఉన్నాయి. పాతది కొంటే భూమికి మేలు అన్న మాటా సగమే నిజం. కొత్తది కొనడం మానుకుని పాతది కొంటే మేలే, బీరువాలో ఏడు కోట్లుండగా కొన్నది ఎనిమిదో కోటు, అంతే.

అన్నిటికంటే చిక్కు ప్రశ్న మూడో రకం చౌకది. అమ్మేవాళ్లకు తెలియకో, గత్యంతరం లేకో తగ్గిన ధర. ధర పెట్టింది వాళ్లే, నేను బలవంతం చెయ్యలేదు కదా అంటావు. అమెరికా చట్టం నీ పక్షమే. 1815లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక వ్యాపారికి ఇంగ్లండుతో యుద్ధం ముగిసిందన్న కబురు అందరికంటే ముందు అందింది. ఓడల రాకపోకలు ఆగి పొగాకు ధర పడిపోయి ఉన్న సమయం. కబురు ఊళ్లో పొక్కకముందే అతను 111 పెద్ద పీపాల పొగాకు కొనేశాడు, ఆ వెంటనే ధర 30 నుంచి 50 శాతం పెరిగింది. లెయిడ్లా, ఆర్గన్ దావాగా అది సుప్రీంకోర్టుకెళ్తే, తనకు తెలిసిన కబురు చెప్పాల్సిన బాధ్యత కొన్నవాడికి లేదని 1817లో చీఫ్ జస్టిస్ మార్షల్ తీర్పిచ్చాడు. అయితే ఎదుటివాణ్ని మోసపుచ్చే మాటా చేతా ఉండకూడదని కూడా అన్నాడు. అంటే వాళ్లడిగితే నువ్వు అబద్ధమాడకూడదు. వాళ్లు అడగలేదంటే చట్టానికి నీతో పని లేదు. అక్కడ చట్టం ఆగుతుంది, నేను ఇంకాస్త అడుగుతున్నాను.

ఎదుట ఉన్నది ఎవరో చూడు. పాత బట్టలు కొని అమ్మడమే వృత్తిగా ఉన్నవాళ్లు సరుకు తెలుసుకోవడానికే డబ్బు తీసుకుంటున్నారు. వాళ్లు గుర్తించని మంచి కోటును నువ్వు గుర్తిస్తే అది నీ చదువుకు దక్కిన కూలి, నిక్షేపంగా తీసుకో. నువ్వు వెతికిన గంటలకూ నేర్చుకున్నదానికీ విలువ లేదని నేననను. కానీ ఉద్యోగం పోయి, హెచ్-1బీ వీసా మీద అరవై రోజుల గడువులో ఇల్లు ఖాళీ చేస్తున్న మనవాళ్లు పెళ్లినాటి లెహంగాలూ పట్టుచీరలూ వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంటారు. అక్కడ వంద చెప్పినదాన్ని నలభైకి గీసి గీసి బేరమాడకు. పోష్‌మార్క్‌లోనైనా 15 డాలర్లు దాటినవాటి మీద 20 శాతం సైటుకే పోతుంది. 80 చెప్పినదాన్ని నువ్వు 60కి దింపితే ఆ ఇల్లాలి చేతికొచ్చేది 48. అలాగే పోయిన వాళ్లమ్మ పెట్టె ఖాళీ చేస్తూ కంచి పట్టుచీరను ఇండియన్ గుడ్డ అని రాసి పాతిక డాలర్లకు పెట్టేవాళ్లుంటారు, కొన్న కొందరు దాన్ని కత్తిరించి దిండు గలీబులు కుట్టుకుంటారు. ఫొటోలో అంచు దగ్గర చిట్లిన జరీ పోగు కనిపించి, లోపల ఎర్రటి పట్టుదారం ఉందనుకో, అది వెండి జరీ కావచ్చన్న సంగతి నీకు తెలుస్తుంది, అమ్మే ఆమెకు తెలియదు. మన వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామని కేకేసుకుంటూ తిరిగేవాళ్లు ఆ వెండి కోసమే కొంటారు, ఆ మాట మాత్రం చీర ఇచ్చే ఇల్లాలికి చెప్పరు. నువ్వు ఆ కొనేవాళ్లలో చేరకు. ఒక్క ముక్క రాయి: ఇది చేతి మగ్గం చీరలా ఉంది, జరీ అసలుదైతే మీరు చెప్పిన ధరకు ఎన్నో రెట్లు వస్తుంది, ఓసారి తెలిసినవాళ్లకు చూపించుకోండి అని. ఆమె ధర పెంచితే నీకు అందినంతలో కొను, అందకపోతే వదిలెయ్యి. ఫరవాలేదు, పాతికకే తీసుకోండి, కట్టుకునేవాళ్ల దగ్గరకు వెళ్తే చాలు అంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా ఆ పూటే డబ్బు పంపి తెప్పించుకో.

ఇట్లు,
పెద్దమ్మ