దేహమెవరి సొత్తు?

ఒకడు తన యొడలిని పందెముగా నొడ్డి ధనమార్జించి, యా ధనముతో ఆలుబిడ్డలను పోషించుచున్నాడనుకొందము. ఆ యొడలు చెడునని వాడెఱుగును. చెడిన పిదప మరల బాగుపడదనియు నెఱుగును. ఇట్టివాడు త్యాగియా, ద్రోహియా? లోకము సాధారణముగా రెండు రీతులనే బదులు చెప్పును. 'వాని యొడలు వాని యిష్టము' అనువారు కొందఱు. 'సంసారముకొఱకు తన్ను తాను కాల్చుకొనుచున్నాడు, వానికి చేతులు మోడ్పుడు' అనువారు మఱికొందఱు. ఈ రెండును తొందరపాటు మాటలని మా యభిప్రాయము.

మమ్మీ విచారమునకు పురికొల్పినది 'లైట్స్ అవుట్' అను అమెరికా టెలివిజన్ నాటకము. అది 2011వ సంవత్సరము జనవరి మొదలు ఏప్రిలు వఱకు 13 భాగములుగా ఎఫ్.ఎక్స్. అను చానలులో ప్రసారమై, చూచువారు చాలినంతమంది లేక, అంతటితో నిలిచిపోయినది. కథ జరుగుచోటు న్యూజెర్సీ రాష్ట్రము. కథానాయకుడు పాట్రిక్ లియరీ. 'లైట్స్' అనునది అతని బిరుదు. ఆ బిరుదులోను, నాటకము పేరులోను దీపములార్పుట యను ధ్వని కలదు. ఆరునవి యెవరి దీపములో కథ సాగినకొలది తెలియును.

లియరీ యొకప్పుడు ముష్టియుద్ధమున జగజ్జెట్టి. రేనాల్డ్సు అను ప్రత్యర్థి చేతిలో ఓడిన పిదప, ఇక బరిలోనికి దిగరాదని భార్య తెరెసా పట్టుపట్టగా విరమించుకొనెను. నాటకము మొదలగునప్పటి కైదేండ్లు గడచినవి. భార్య వైద్యవృత్తిలో ప్రవేశించినది, ముగ్గురు కుమార్తెలు, రాజభవనము వంటి యిల్లు, తండ్రియు సోదరుడును నడుపు వ్యాయామశాల యొకటి. లియరీ ఉదయమున లేచి పిల్లలకు ఫలాహారము సిద్ధము చేయుచు ఇంటిపట్టున నుండును. చూచువారికి సుఖసంసారమే. కాని కూడబెట్టిన ధనము కరగిపోయినది. లెక్కలు చూచువాడు సోదరుడు. అప్పుల బాధ పడలేక, తన పిడికిలిని మఱియొకని బాకీ రాబట్టుట కద్దెకిచ్చి, యొక దంతవైద్యుని చేయి విఱుచుట వఱకు దిగజారును. ఇంతలో మఱపు ప్రవేశించినది. ఇది చిరకాలము తలపై తిన్న గ్రుద్దుల ఫలమనియు, క్రమముగా బుద్ధిని హరించుననియు వైద్యుడు చెప్పెను. ఆ మాట నతడింట చెప్పడు. చెప్పకయే మరల బరిలోనికి దిగ నిశ్చయించుకొనును.

ఈ రోగము నాటకకర్త కల్పన కాదు. 1928లో హారిసన్ మార్ట్‌లాండు అను వైద్యుడు, ఆ న్యూజెర్సీ రాష్ట్రమందలి న్యూఆర్కు నగరమున పనిచేయువాడే, ముష్టియోధుల తడబడు నడకను, మందగించిన మాటను, వణకు చేతులను పరిశీలించి, యివి మెదడునకు తగిలిన దెబ్బల ఫలమని వైద్యపత్రికలో వ్రాసెను. ఆటచూడ వచ్చువారికీ సంగతి అంతకుముందే తెలియును. అట్టివానికి వారు పెట్టిన ముద్దుపేరు 'పంచ్ డ్రంక్', అనగా గ్రుద్దులతో మత్తెక్కినవాడు. త్రాగనివానిని త్రాగుబోతని నవ్వుట! 1969లో రాబర్ట్సు అను నాంగ్లేయ వైద్యుడు 224 మంది మాజీ వృత్తియోధులను పరీక్షింపగా 37 మందిలో, అనగా నూటికి సుమారు 17 గురిలో, మెదడు చెడిన చిహ్నములు కానవచ్చినవి. ఈ వ్యాధికి మఱియొక లక్షణము కలదు. అది బరిలో బయటపడదు. ఆట చాలించి, పేరు మఱుగుపడి, చప్పట్లు కొట్టినవా రెవ్వరి యిండ్లకు వారు పోయిన తరువాత, పెక్కేండ్లకు ఇంటిలో బయటపడును.

మొదటి రీతి వారి మాట చూతము. వారికి పెద్ద దిక్కు జాన్ స్టూవర్టు మిల్లు. 1859లో ప్రకటించిన స్వాతంత్ర్యగ్రంథమున నతడు, ఇతరులకు హాని చేయనంతవఱకు వయసు వచ్చిన మనుష్యుని వాని మేలుకొఱకే యని నిర్బంధించు నధికారము సంఘమునకు లేదని వాదించెను. ఈ వాదమున మాకు గౌరవము కలదు. మన దేశమున వితంతువులకును, పంచములకును సంకెళ్లు వేసినవారందఱు 'వారి మేలుకొఱకే' యన్నవారే గదా. కాని మిల్లే యొక మినహాయింపు చెప్పెను: తన్ను తాను దాసునిగా నమ్ముకొను స్వేచ్ఛ యెవ్వనికిని లేదు, ఏలన, ఆ యొక్క క్రయముతో స్వేచ్ఛయే నశించును. ముష్టియోధుని బేర మీ మినహాయింపునకు మిక్కిలి చేరువగా నున్నదని మాకు తోచుచున్నది. కాలు విఱుగునని తెలిసి కొండ యెక్కువాడు కాలు విఱిగిన పిదప కూడ తానే; తన పూనికకు తాను వగచుటకైనను, నవ్వుకొనుటకైనను మిగిలియుండును. మెదడు నొడ్డినవాని సంగతి యట్టిది కాదు. ముప్పదవ యేట ఒప్పందముపై చేవ్రాలు చేసినవాడొకడు. అఱువదవ యేట దాని ఋణము తీర్చువాడు వేఱొకడు. ఆ రెండవవాని సమ్మతి యెవ్వరు నడుగలేదు. ఈ నాటకము చివర లియరీ రేనాల్డ్సును గెలుచును. గెలిచినట్లు మాత్ర మతనికి జ్ఞాపకము లేదు. ఎవరు గెలిచిరని భార్యనే యడుగవలసి వచ్చెను.

ఇక త్యాగవాదులు. మన పురాణములలో దేహదానములకు కొదవ లేదు. శిబి పావురముకొఱకు తొడకండ కోసియిచ్చెను, దధీచి యెముకలనిచ్చెను, కర్ణుడు కవచకుండలముల నొడలినుండి చీల్చి యిచ్చెను. మేము శిబి కథ పాఠము చెప్పుచుండగా నొక బాలిక లేచి, 'మాష్టారూ, అప్పుడు రాణిగారేమన్నారండీ?' అని యడిగినది. మేము చెప్పు కథలో రాణి మాట లేదు. పిల్లలు నవ్విరి గాని మాకు నవ్వు రాలేదు. త్యాగకథలన్నిటను తక్కెడకావల నిలిచి చూచువారు కొందఱుందురు. వారిని గూర్చి కవులు మౌనము వహింతురు.

ఒక్కచోట మాత్రము మౌనము లేదు. సభాపర్వమున ధర్మరాజు తమ్ములను, తన్నును ఓడి, పిమ్మట ద్రౌపది నొడ్డెను. ముందు తన్ను తానోడినవానికి నన్నొడ్డు నధికారమెక్కడిదని యామె సభ నడిగినది. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని నీళ్లు నమిలెను. ఈ ప్రశ్నను పండితులు చిరకాలముగా నొడ్డిన క్రమమును బట్టి విచారించుచున్నారు: ముందెవరు, వెనుకెవరు, దాసునికి సొత్తుండునా యని. మేము దానిని త్రిప్పి యడుగ దలచితిమి. ధర్మరాజు ద్రౌపది పేరెత్తకయే యుండెననుకొందము. తన్ను మాత్రమే యొడ్డి యోడెననుకొందము. అప్పుడు ద్రౌపది యోడిపోలేదా? దాసుని భార్యకు సభలో కుర్చీ వేయుదురా? తన్ను తానొడ్డినప్పుడే భర్త యామెను మాటాడకుండ నొడ్డినాడు. పేరు చెప్పి యొడ్డుట రెండవ యపచారము మాత్రమే.

లియరీ చేసినదిదియే. ఒడలు తనదే యనుకొని యొడ్డుచున్నాడు. కాని బుద్ధి చెడిన యొడలికి గొంతులో గంజి పోయవలసినవారెవరు? స్నానము చేయించువారెవరు? రాత్రివేళ దారి తప్పి వెడలినపుడు వెదకుకొనువారెవరు? జెర్రీ క్వారీ అను మహాయోధుని చరిత్ర యిచ్చట స్మరింపదగినది. పసితనముననే తండ్రి యతని చేతికి తొడుగులు తొడిగెను. మహమ్మదాలీతో రెండుమార్లు, జో ఫ్రేజరుతో రెండుమార్లు పోరాడెను. 1992లో, 47వ యేట, లైసెన్సు నిచ్చు సంఘమే లేని కొలరాడో రాష్ట్రమునకు పోయి చివరిసారి బరిలోనికి దిగెను. ఏబదియేండ్లు వచ్చునప్పటికి బట్టలు తొడుగుకొనుటకును ఇంటివారి సాయము కావలసి వచ్చినది. 1999లో 53వ యేట మరణించెను. ముష్టియోధుడే యైన తమ్ముడు మైకు నదే వ్యాధితో 2006లో మరణించెను. ఆ తల్లియు, ఆ సోదరులును ఏ యొప్పందముపై చేవ్రాలు చేసిరి?

కాని యింటివారిని కేవలము బాధితులుగా చూపి వదలుట సత్యము కాదు. ఈ నాటకములో మాకు మిక్కిలి నచ్చినది వారిని వదలకపోవుటయే. 1956లో రాడ్ సెర్లింగు వ్రాసిన 'రెక్వియమ్ ఫర్ ఏ హెవీవెయిట్' అను పూర్వపు టెలివిజన్ నాటకమున యోధుడు ఆలుబిడ్డలు లేని యేకాకి. వాని నమ్ముకొని తినువాడు మేనేజరు. అందుచేత ప్రేక్షకుడు కోపమును సులభముగా నొకనిపై పెట్టగలడు. లియరీ కథలో ఆ సౌకర్యము లేదు. తండ్రి ప్రేమించును, మరల శిక్షణ నిచ్చును. సోదరుడు ప్రేమించును, లెక్కలు దాచును. భార్య పోరాడవద్దనును, ఆ మాట మనఃపూర్వకమే. అయినను ఆ భవనము, ఆ బడులు, ఆ మర్యాద అన్నియు పిడికిలిపైననే నిలిచియున్నవి. పిడికిలి వలదని, దాని ఫలము కావలెనని కోరునింట పురుషుడు దొంగవలె పోరాడవలసి వచ్చును. 'ఈ యిల్లమ్మి రెండు గదులలో నుందము' అని మొదటనే యొకరన్నచో కథ నాలుగు భాగములలో ముగిసెడిది.

ఇచ్చట నొక ఆక్షేపణ వచ్చును. బొగ్గుగనిలో దిగువాడును ఊపిరితిత్తుల నమ్ముకొనుటలేదా? చేనేతవాడు కన్నుల నమ్ముకొనుటలేదా? అమ్ముకొనుచున్నారు, అది సంఘమునకు సిగ్గుచేటు. అయినను తేడా యున్నది. గనిలో రోగము పని వెంట వచ్చు కీడు. దానిని తొలగించినను బొగ్గు బొగ్గే. బరిలో నాకౌటనగా మెదడు కొంతసేపు పనిచేయకుండ కొట్టుటయే. కీడే యక్కడ సరకు. ఇంకను, గనికి పోవువాడు ఆకలికి పోవును. పేదపేటలనుండి వచ్చు బాలురనేకులు బరికి నాకలికే పోవుదురు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. లియరీ నెట్టుకొనిపోయినది ఆకలి కాదు, అంతస్తు. జో లూయీ 1942లో రెండు పోరాటముల రాబడిని నౌకాదళ, సైనిక సహాయనిధుల కిచ్చివేసెను. సర్కారువారు దానిని కూడ నతని యాదాయముగా లెక్కించి పన్ను వేసిరి. 1949లో విరమించిన యా మహానుభావుడు పన్నుబాకీ తీర్చుటకై 1950లో మరల దిగి, 1951లో మార్సియానో చేతిలో చావుదెబ్బ తినెను. అతని దుర్గతికిని లియరీ దుర్గతికిని పైకి పోలిక యున్నను, రెంటి నొక్క పేరుతో పిలువరాదు.

మా దృష్టిలో లియరీ యొక్క అసలు దోషము పోరాటము కాదు, దాచుట. వైద్యుని మాట చెప్పకపోవుటలో ప్రేమ యున్నదని మనమనుకొందుము. బెదరిపోదురు గదా యని. కాని తెలియనివానికి ఎంపిక లేదు. భార్య తెలిసి యుండిన విడిచిపోయెడిదో, ఇల్లమ్మెడిదో, కన్నీటితో సమ్మతించెడిదో. ఆ మూడు దారులను భర్త యామెకు చూపకుండ మూసివేసినాడు. అదియు వైద్యురాలికి! మఱి తెలిసినను వినకున్నచో? అదియు నున్నది. 1977లో మహమ్మదాలీ వైద్యుడు ఫెర్డీ పచేకో, మూత్రపిండములు చెడుచున్నవని పరీక్షాపత్రమును ఆలీకిని, భార్యకును, కార్యనిర్వాహకులకును పంపెను. ఒక్కరును బదులు వ్రాయలేదు. అతడు కొలువు విడిచెను. ఆలీ 1981 వఱకు పోరాడెను. 1984లో కంపవాతము బయటపడెను. దానికి దెబ్బలే కారణమా యనుటలో వైద్యులకు నేకాభిప్రాయము లేదు గాని, ఆ యుత్తరమందిన యిండ్లలో 'మాకు తెలియదు' అనుట కవకాశము లేకపోయినది. అంతమాత్రము చాలునందుము.

అమెరికాలో 1996 నాటి చట్టము ప్రకారము వైద్యపరీక్ష లేక వృత్తియోధుడు బరిలోనికి దిగరాదు. వైద్యుడు బరి ప్రక్కనే యుండవలెను. ఒక రాష్ట్రము ఆరోగ్యకారణమున నిషేధించినవాని నితర రాష్ట్రములును నిషేధింపవలెను. క్వారీ పోయిన దొడ్డిదారి మూతపడినది. కాని ఆ పరీక్షాఫలితము యోధుని వాకిలి దాటి లోనికి పోవలెనని నియమమేదియు లేదు. భార్య చేవ్రాలు లేనిదే లైసెన్సు నీయరాదని యొక మిత్రుడు మాతో వాదించెను. మేమొప్పుకొనలేదు. పేదయింట నా చేవ్రాలు రెండు బెదరింపులతో వచ్చును. రేపు రోగము వచ్చిన నాడు 'నీవే గదా సమ్మతించితివి' అని నింద యామె నెత్తిన పడును. చేవ్రాలు వలదు, కాగితము చాలును. వానికిచ్చు వైద్యుని కాగితమునకు మఱియొక ప్రతి తీసి, వానితో కంచము పంచుకొనువారికి నేరుగా నంపవలెను. రోగి రహస్యమును కాపాడుట వైద్యధర్మమని కొందఱందురు. ఆ ధర్మము మాకును మాన్యమే. అయితే ఆ రహస్యముయొక్క ఖర్చు నెవరు భరింతురో వారినైన నడిగి కాపాడుట మేలు.