ఎర లేని గాలం

గాలానికి ఎర గుచ్చి నీళ్లలో వదలడం ఒక పద్ధతి. ఎర అనేదే లేకుండా, ఎరలా కనిపించేదాన్ని కట్టి వదలడం ఇంకో పద్ధతి. ఈ రెండోదాన్ని ఇంగ్లీషువాళ్లు ఫ్లై ఫిషింగ్ అంటారు. తెలుగులో ఈకగాలం అనుకుంటే సరిపోతుంది. చిన్న కొక్కెం, దాని కాడకు బిగించిన పట్టుదారం, పుంజు మెడ ఈక ఒకటి, సరంజామా ఇంతే. ఈకను కాడ చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి దారంతో ముడివేస్తే దాని పోగులు అన్ని వైపులా నిక్కబొడుచుకుంటాయి. నీటిమీద వాలిన పురుగు కాళ్లు ఎలా ఉంటాయో అచ్చం అలా ఉంటాయి. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు.

బరువు లేకపోవడమే ఈ విద్యలో అసలు చిక్కు. మామూలు వెదురు కర్ర గాలంలో సీసపు గుండు ముందు వెళుతుంది, తంగూసు దాని వెంట పోతుంది. ఈకకు లాక్కుపోయే సత్తువ లేదు కాబట్టి ఇక్కడ తాడునే లావుగా, బరువుగా చేస్తారు. కర్రను వెనక్కి ఊపి, తాడు వీపు వెనక గాలిలో పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. తొందరపడితే తాడు మెడకే చుట్టుకుంటుంది. ఆ అరక్షణం ఆగడం వచ్చినవాడికే ఈ విద్య వస్తుంది.

ఇది పుట్టిన కథలోనే ఒక తమాషా ఉంది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. అక్కడి నదిలో చేపలు ఒక రకం ఈగను ఇష్టంగా తినేవి. ఆ ఈగను పట్టి గాలానికి గుచ్చుదామంటే, మనిషి చెయ్యి తగలగానే దాని రంగు పోయి, రెక్కలు వాడిపోయేవి. అందుకని వాళ్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గడ్డం కింది ఈకలు కట్టారు. అసలుది చేతికి నిలవలేదు గనక నకిలీ పుట్టిందన్నమాట.

ఇప్పుడు ఈ వేటకు పేరుపడ్డ చేపలు ట్రౌట్, బాస్, చారల బాస్. ట్రౌట్ చల్లటి ఏటి చేప. చారల బాస్ అట్లాంటిక్‌లో పెరిగి, గుడ్లు పెట్టడానికి హడ్సన్ లాంటి నదుల్లోకి ఎదురెక్కుతుంది. మన పులసదీ అదే దారి. పండుగప్పది తిరగేసిన దారి: నదీముఖాల్లో పెరిగి గుడ్లకు ఉప్పునీళ్లలోకి దిగుతుంది.

మన పొరుగున ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల కొండల్లో మాత్రం ఆ ట్రౌట్ లేదు. నీలగిరుల్లో ట్రౌట్‌ను పెంచాలని 1860ల్లోనే ఫ్రాన్సిస్ డే అనే మత్స్యశాస్త్రవేత్త ప్రయత్నించి విఫలమైతే, మళ్లీ 1907 ప్రాంతంలో విల్సన్ అనే అధికారి అవలాంచి దగ్గర గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచగలిగాడు. అక్కడి ఏళ్లు రెండువేల మీటర్ల ఎత్తున చల్లగా పారతాయి. కొరాపుట్ పీఠభూమి తొమ్మిదివందల మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం 1,672 మీటర్లున్నా, కింద నదుల్లో వేసవి నీళ్లు ట్రౌట్‌కు జ్వరమే. ఇక్కడి నీళ్లకు ఇక్కడి చేపలున్నాయి: కొర్రమీను, వాలుగ, జెల్ల, పరిగె, రాళ్ల మధ్య మహసీర్. బారిలియస్ అనే జాతి చిన్న చేపలు కొండవాగుల్లో ఉంటాయి. వెండి ఒంటిమీద నీలి అడ్డచారలు వాటి గుర్తు. నీటిమీద పురుగు పడితే చటుక్కున పైకి వచ్చి మింగుతాయి. ఈకగాలం పట్టిన ఇంగ్లీషు దొరలకు ఇండియాలో ట్రౌట్ లేని లోటును కొంత తీర్చినవి ఈ చేపలే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అని ఒక పుస్తకమే అచ్చువేశాడు. అందులో మహసీర్‌ను సాల్మన్ పక్కన కూర్చోబెట్టాడు.

ఈ రెండు జిల్లాల నదులు రెండు దిక్కులకు పోతాయి. నాగావళి, వంశధార కలహండి వైపు కొండల్లో పుట్టి రాయగడ, గుణుపురం మీదుగా శ్రీకాకుళం సముద్రానికి చేరతాయి. కొలాబ్, మాచ్‌ఖండ్ మాత్రం పడమటికి తిరిగి, శబరి పేరుతో గోదావరిలో కలుస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాయే. ఆ తర్వాత 1992లో కొరాపుట్ నుంచి రాయగడ విడిపోయింది. పటంలో గీతలు మారినా రాయగడ బజారులో తెలుగు ఆగలేదు. కొండల్లో కువి, కుయి మాట్లాడే కోందుల నోట కూడా చేప ‘మీను’యే. మనకు కొర్రమీనులో మిగిలిన మాట వాళ్లకు ప్రతి చేపకూ ఉంది.

రాయగడ పొలిమేరలో హాతీపథర్ దగ్గర నాగావళి ఏనుగుల్లాంటి బండల మధ్య నుంచి సాగుతుంది. వానాకాలమంతా ఎర్రమట్టి కలిసి ఉరికిన నీరు కార్తీకం దాటాక తేరుకుంటుంది. అలాంటి నీటి ఒడ్డున కనిపించేది ఈకగాలం కాదు, వెదురు కర్ర. బండమీద గొంతుకూర్చున్న కుర్రాడు డబ్బాలోంచి ఒక ఎర్రను తీసి, కొక్కెం మొన కనపడకుండా దాన్ని తొడుగుతాడు. బెండు నీటిమీద నిలబడుతుంది. పక్కనున్న పెద్దాయన నదినే చూస్తూ అంటాడు: “నీడ నీళ్లలో పడనీకురా గుంటడా.” ఆ మాటలో ఒక శాస్త్రముంది. నీటిలోంచి చేపకు పైలోకం ఒక గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది. కాంతి వంగడంవల్ల ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. అందులో ఒడ్డున ఒంగి కూర్చున్నవాడు అంచున నలుగుతాడు, నిలుచున్నవాడు నిలువునా కనిపిస్తాడు. ఒంటి పక్కన ఉన్న పార్శ్వరేఖతో చేప అడుగుల చప్పుడు కూడా పట్టేస్తుంది. పెద్దాయనకు డిగ్రీలు తెలియవు, కూర్చునే తీరు తెలుసు. బెండు ఒకసారి వణుకుతుంది, ఆగుతుంది, పక్కకు జరుగుతుంది, బుడుంగున మునుగుతుంది. వణికినప్పుడే లాగినవాడికి ఒట్టి కొక్కెం వస్తుంది.

మన పాత గ్రంథాల్లో చేప ఒక హెచ్చరిక. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో చేప కూడా ఉంది. జిహ్వచాపల్యం వల్ల ఎర మింగి చచ్చిపోతుంది కాబట్టి, నాలుకను గెలవమని దాన్నుంచి నేర్చుకోవాలి. ఎర్ర గుచ్చిన గాలానికి ఈ పాఠం సరిపోతుంది. ఈకగాలం దగ్గర మాత్రం తప్పుతుంది. ఈకకు రుచి లేదు, వాసన లేదు. చేపను అక్కడ పట్టించింది నాలుక కాదు, కన్ను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కన్ను చూసినదాన్నిబట్టి బుద్ధి చేసుకున్న ఊహ. ఇలాంటి ఆకారం నీటిమీద పడినప్పుడల్లా అది తిండే అయింది. ఇదీ తిండే అయివుంటుంది. తార్కికులు పొగను చూసి నిప్పును ఊహించే పద్ధతి ఇదే, దానికి అనుమానమనే పేరు. అనుమానం లేకపోతే చేప ఒక్క పూట కూడా బతకదు. పురుగు పురుగేనా అని ప్రతిసారీ పరీక్షిస్తూ కూర్చుంటే ప్రవాహం దాన్ని పట్టుకుపోతుంది. బతికించే తెలివే దాన్ని గాలానికి అందిస్తోంది. ఇందులో అత్యాశ ఎక్కడుంది? వేదాంతులు తాడును చూసి పామనుకున్న కథ చెబుతారు. తాడును పామనుకున్నవాడు భయపడతాడు, బతుకుతాడు. పామును తాడనుకున్నవాడి పని అయిపోతుంది. చేపది ఈ రెండో పొరపాటు.

కొర్రమీను విషయం ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. అది పిల్లల్ని కాచుకునే చేప. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంటే, తల్లీతండ్రీ కిందనే తిరుగుతుంటాయి. ఆ గుంపులో ఏది పడినా మీదపడి కరుస్తాయి. ఆకలితో కాదు, పిల్లల జోలికి వచ్చిందని. పట్టేవాడికి ఈ సంగతి తెలుసు, అందుకే గాలం సరిగ్గా గుంపు నడుమ వేస్తాడు. అమెరికాలో బాస్ కూడా అంతే. గూడు కాస్తున్న మగ చేప ఆకలి లేకపోయినా ఈకను కరుస్తుంది. అవధూత చేపనుంచి జిహ్వ గురించే నేర్చుకున్నాడు. కొర్రమీనును చూసివుంటే వాత్సల్యం గురించి కూడా ఒక పాఠం రాసుకోవలసి వచ్చేది, అదంత సుఖమైన పాఠం కాదు.

చేపలు పట్టడాన్ని వినోదంగా లెక్కించడం దొరలతో వచ్చింది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్పించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదమనే భాగముంది. ఏ చేప ఏ నీటిలో ఉంటుంది, దేనికి ఏ మేత వేసి మచ్చిక చేయాలి, గాలం ఎలా వేయాలి అని రాజుకు విడమరచి చెబుతుంది. ఐదువందల ఏళ్ల తర్వాత, 1653లో, ఐజాక్ వాల్టన్ ఇంగ్లండులో తన గాలపు పుస్తకానికి ఆలోచనాపరుడి వినోదమని ఉపశీర్షిక పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఇంట్లో అన్నముంది. హాతీపథర్ బండమీది కుర్రాడికి అది కూర. ఈ తేడాను దాటవేసి గాలం గురించి రాసే తత్వం ఎంత అందంగా ఉన్నా అరకొరదే.

వినోదంగా పట్టేవాళ్లు ఈ తేడాను ఒక పద్ధతితో సర్దుకున్నారు: పట్టిన చేపను కొక్కెం తీసి మళ్లీ నీళ్లలో వదలడం. ప్రాణం తీయలేదు గనక పాపం లేదని వాళ్ల లెక్క. 2003లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు కొన్ని ట్రౌట్ల పెదవుల్లోకి తేనెటీగ విషం, కొన్నిటి పెదవుల్లోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూశారు. చేపలు చాలాసేపు మేత ముట్టలేదు, ఆమ్లం ఎక్కినవి పెదవులు తొట్టి అడుగున రాసుకున్నాయి. నొప్పిని పసిగట్టే నాడీకణాలు వాటి మూతిచుట్టూ ఉన్నాయని తేలింది. చేప పడేదాన్ని మన అర్థంలో బాధ అనవచ్చా లేదా అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. స్విట్జర్లాండ్ మాత్రం వాదన తేలేదాకా ఆగలేదు. వదిలేద్దామన్న ఉద్దేశంతోనే చేపను పట్టడాన్ని అక్కడ నిషేధించారు. తినడానికైతే పట్టవచ్చు, సరదాకైతే కూడదు. అహింస పేరుతో పెరిగిన మన చెవికి ఈ చట్టం తలకిందులుగా వినిపిస్తుంది. బండమీది కుర్రాడికి మాత్రం వింతగా ఉండదు. కూరకు కాకపోతే ఎందుకు పట్టావని అతనూ అడుగుతాడు.

అన్నిటికన్నా హీనమైన పద్ధతులకు గాలంతో పని లేదు. అడవి కాయలూ బెరడులూ దంచి మడుగులో కలిపి చేపల్ని మత్తెక్కించడం కొండల్లో పాతదే. తూటా పేల్చడం మాత్రం రోడ్లు, గనులు వచ్చాక నేర్చిన విద్య. విషాన్నీ పేలుడునూ 1897 నాటి మత్స్యచట్టమే నేరమంది, రెండు నెలల జైలో 200 రూపాయల జరిమానాయో పెట్టింది. గాలానికి కనీసం ఒక మర్యాద ఉంది: ఒకసారి ఒక చేపతోనే తగవు పెట్టుకుంటుంది. తూటాకు తల్లీ పిల్లా ఒకటే.

ఈ కొండల నీటిలోనే అసలు ఎవరూ గాలం వేయని చోటు కూడా ఉంది. మాచ్‌ఖండ్ నది పేరులోనే చేపల మడుగుంది. ఆ మడుగు, మత్స్యగుండం, ఎగువన ఆంధ్రావైపు హుకుంపేట మండలం మఠం గ్రామం దగ్గర ఉంది. నది అక్కడ బండల కింద దూరి మాయమై, కొంత దిగువన పైకి వస్తుంది. పైకి వచ్చిన చోట మహసీర్లు కిక్కిరిసి ఉంటాయనీ, మేతకు ఒడ్డుకే వచ్చి ఒళ్లు నిమరనిస్తాయనీ 1907లో ఫ్రాన్సిస్ అనే అధికారి విశాఖపట్నం గెజిటీర్‌లో రాశాడు. మత్స్యవంశం వాళ్లమని చెప్పుకునే మాడుగుల జమీందార్లు వాటిని కాపాడేవారు. వాళ్ల జెండామీదా చేపే, సంతకంలోనూ చేపే. ఎడ్లమీద సరుకు వేసుకు తిరిగే బ్రింజారీ ఒకడు ఆ చేపను పట్టి కూర వండుకుంటే చేపల రాజు శపించాడనీ, వాడూ వాడి ఎడ్లూ రాళ్లయిపోయాయనీ అక్కడి కథ. ఆ రాళ్లను ఇప్పటికీ చూపిస్తారు. మత్స్యలింగేశ్వరుడి గుడి దగ్గర శివరాత్రికి తీర్థం జరుగుతుంది, వచ్చినవాళ్లు చేపలకు మేత వేస్తారు.

మత్స్యగుండం చేప వైరాగ్యం నేర్చుకోలేదు, దేవుణ్ణి నమ్మలేదు. నీటిమీద చప్పుడైతే తిండి అని తెలుసుకుంది, అంతే. ఈకను కరిచిన చేపకు తెలిసిందీ అదే. ఒకే అనుమానం ఒక మడుగులో ప్రసాదం తెస్తోంది, ఇంకో మడుగులో కొక్కెం తెస్తోంది. తేడా ఒడ్డున నిలబడ్డ మనిషిలో ఉంది, ఆ మనిషి ఎవరో తెలుసుకునే దారి చేపకు లేదు. 97 డిగ్రీల కిటికీలో భక్తుడూ వేటగాడూ ఒకే రకం నీడ.

మత్స్యగుండం దాటిన నీరు జలాపుట్ జలాశయంలో చేరుతుంది. అక్కడినుంచి కదిలి డుడుమ దగ్గర 175 మీటర్ల లోయలోకి దూకుతుంది. 1955 నుంచి ఆ నీటితో కరెంటు తీస్తున్నారు. వరదకు కొట్టుకుపోయి డుడుమ దిగిన చేప మళ్లీ మఠం దాకా ఎక్కి రాలేదు.