మాతృత్వానికి యోగ్యతాపత్రమా?

వికలాంగ స్త్రీ పెళ్లి మాట వచ్చినప్పుడు సంఘం రెండు ప్రశ్నలు వేస్తుంది. పని చేయగలదా? బిడ్డను సాకగలదా? ఈ ప్రశ్నల్లో దయ వున్నట్టు కనిపిస్తుంది. నిజానికి వున్నది లెక్క. రైతు ఇంట్లోనైనా కూలి ఇంట్లోనైనా కోడలంటే జీతం లేని పనిమనిషి. నాటు వెయ్యాలి, నీళ్లు మొయ్యాలి, కనాలి, పెంచాలి. మేస్త్రి ఏ కొలతతో కూలీని ఎంచుతాడో, సంబంధం చూసేవాళ్లు అదే కొలతతో కోడలిని ఎంచుతారు. ఆ కొలతకు తూగని స్త్రీకి కోరికలే వుండవని తీర్మానిస్తారు.

మన పురాణాలూ ఇందుకు సాక్ష్యమే. ధృతరాష్ట్రుడు పుట్టుకతో అంధుడు. అయినా పెళ్లి ఆగలేదు. భార్యే కళ్లకు గంతలు కట్టుకుంది. నూరుగురు కొడుకులు కలిగారు. భాగవతంలోని కుబ్జ సంగతి వేరు. కృష్ణుడు ముందు ఆమె గూని సరిచేశాడు. ఆ తర్వాతే ఆమె వలపుకు చోటు దొరికింది. పురుషుడి లోపాన్ని స్త్రీ మొయ్యాలి. స్త్రీ లోపం మాత్రం ముందే తొలగిపోవాలి!

ఇక బిడ్డను ఎలా సాకుతుందన్న ప్రశ్న. పెనుబల్లి మండలంలో నాట్లకూ మిరపకోతకూ వెళ్లే తల్లులను చూద్దాం. చంటిబిడ్డ చెట్టుకొమ్మకు కట్టిన పాతచీర ఉయ్యాలలో వుంటుంది. అక్క ఊపుతుంది, ముసలమ్మ జోకొడుతుంది. కాళ్లూ చేతులూ సరిగా వున్న తల్లికి ఇన్ని చేతులు సాయం పడుతున్నా దాన్ని అసమర్థత అని ఎవరూ అనరు. ఆయాను పెట్టుకున్న ధనికురాలిని అసలే అనరు. చూపులేని తల్లికో నడవలేని తల్లికో అదే సాయం కావలసి వస్తే మాత్రం అది అనర్హత అవుతుంది.

ప్రభుత్వానికీ ఈ చూపు తప్పలేదు. తెలంగాణలో వికలాంగుల వివాహ ప్రోత్సాహకం, వధూవరుల్లో ఒకరు వైకల్యం లేనివారైతేనే దక్కేది. అంటే ఆ ఒకరి 'త్యాగానికి' వెల కట్టారన్నమాట. ఇద్దరూ వికలాంగులైన జంటకు అది 2025లో గాని వర్తించలేదు.

ఇంతకంటె ఘోరమైన ఉదాహరణ చండీగఢ్‌లో వుంది. ప్రభుత్వ ఆశ్రమంలో వున్న ఒక యువతి, బుద్ధి పూర్తిగా ఎదగనిది, అత్యాచారం వల్ల గర్భవతి అయింది. బిడ్డ కావాలంది. పాలనాయంత్రాంగం కోరగా హైకోర్టు గర్భస్రావానికి ఆదేశించింది. ఆమె సమ్మతి లేకుండా అది కూడదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాపాడవలసిన చోట కాపాడలేని ప్రభుత్వం, వినవలసిన చోట ఆమె మాట తోసిపుచ్చబోయింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, వికలాంగ స్త్రీకి ఆమె స్పష్టమైన సమ్మతి లేకుండా గర్భస్రావం చేస్తే 6 నెలల నుంచి 5 సంవత్సరాల దాకా జైలుశిక్ష విధిస్తుంది. అయితే వైకల్యం తీవ్రమైనప్పుడు వైద్యుడి అభిప్రాయమూ సంరక్షకుడి సమ్మతీ చాలునన్న మినహాయింపూ అందులోనే వుంది. ఎవరి మాట వినడానికి ఎక్కువ ఓపిక కావాలో, వాళ్ల మాటే అక్కర్లేదన్నమాట!

మరి బిడ్డ క్షేమం మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్నే. కాని ఆ ప్రశ్న వెయ్యవలసింది తల్లిని ఒక్కదాన్నే కాదు. ఆరోగ్యకేంద్రంలో ఆమె ఎక్కగలిగే పరీక్షబల్ల వుందా? చెవిటి తల్లితో సైగలభాషలో మాట్లాడగల నర్సు వుందా? కూలి వేళలకు తెరిచి వుండే శిశుశాల వుందా? ఇవేవీ ఏర్పరచని సంఘం తన లోపాన్ని ఆమె ఒంటికి అంటగడుతున్నది.

మాతృత్వాన్ని పూజించమని మనం అనడం లేదు. పూజ కూడా ఒక సంకెలే. తల్లి కానన్న వికలాంగ స్త్రీ మాటకూ, అవుతానన్న మాటకూ సమానమైన విలువ వుండాలి. ఏ తల్లీ ఒంటరిగా బిడ్డను పెంచలేదు. అందరికీ అందుతున్న ఆ చేయూతను ఈమెకు మాత్రం నిరాకరించి, ఆపైన ఈమెనే చేతకానిదనడం అన్యాయం.